పత్తి పలికే గది

ఆ సోమవారం పొద్దున పదకొండు మంది పెద్ద ఉద్యోగస్తులు చాపల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని, తమ కంపెనీల చొక్కాలను తామే చింపుతున్నారు.

చింపమన్నది డాక్టర్ జాన్‌బీ. గుంటూరు నుంచి చిలకలూరిపేట పోయే దారిలో మూతపడ్డ నూలుమిల్లు ఒకటుంటే, దాన్ని ప్రయోగశాలగా మార్చి, అందులోనే కంపెనీలు నడిపేవాళ్ళకు ఐదు రోజుల శిక్షణ ఇస్తుందామె. తయారుచేయడం, అమ్మడం, ఆపైన మరిచిపోవడం, ఇదే వాళ్ళకు తెలిసిన వ్యాపారం. అమ్మినదాన్ని తిరిగి తెచ్చుకుని మళ్ళీ సరుకు చేసే వ్యాపారం ఎలా కట్టుకోవాలో ఆమె నేర్పుతుంది. సర్క్యులర్ ఎకానమీ అని దానికి ఘనమైన పేరుంది. జాన్‌బీ మాత్రం ఆ పేరు మొదటిరోజు ఎత్తదు. ఎవరి సరుకు వాళ్ళ చేతిలో పెట్టి విప్పమంటుంది.

"మేడం, చింపడానికి మా దగ్గర మనుషులున్నారు," అన్నాడు ఉదయభాస్కర్. హైదరాబాదులో పేరున్న రెడీమేడ్ దుస్తుల కంపెనీకి మేనేజింగ్ డైరెక్టర్ ఆయన.

"ఉన్నారు సార్. వాళ్ళవల్ల కాలేదు. అందుకే మీకిచ్చాను. ఇందులో పత్తి ఎంతో, పాలిస్టర్ ఎంతో తీసి రెండు కుప్పలు పెట్టండి చాలు."

గంట గడిచింది. ఆయన ముందు బొటనవేలి గోరంత నుసి తయారైంది. అందులోనూ ఏది ఏదో ఆయనకే తెలియలేదు. ఆసుపత్రులకు దుప్పట్లు, గౌన్లు పంపే సంస్థ నుంచి వచ్చిన నీరజాక్షి తన చేతిలోని దుప్పటి ముక్కను కింద పెట్టేసి, "పాలల్లో నీళ్ళు కలిసినట్టు కలిసిపోయాయండీ. ఇవి విడిపోయేవి కావు," అంది.

"పదండి," అంది జాన్‌బీ లేస్తూ.

మిల్లు వెనక భాగంలో ఉంది ఆమె కట్టిన గది. రెండు నిలువుల ఎత్తు, చుట్టూ ఇనుప గోడలు, ఒక పక్క మందపాటి గాజు కిటికీ. అందరికీ చెవులు మూసే తొడుగులు పంచారు. తుక్కు చేసిన పాత చొక్కాలు ఒక బస్తాడు లోపలికి పోశారు. ఆవిరి వదిలారు. ఆ తర్వాత శబ్దం మొదలైంది. తొడుగుల్లోంచి కూడా పళ్ళ కుదుళ్ళు జివ్వుమన్నాయి.

గది దగ్గర చెవులు మూసుకోనిది ఒక్కరే. డెబ్భై దాటిన మనిషి, తెల్ల లుంగీ, మోచేతుల దాకా మడిచిన చొక్కా. జాన్‌బీ తండ్రి కాశింవలి. ఆయన ఎడమ చెవిని ఇనుప గోడకు ఆనించి, కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. కుడిచేయి కూడా గోడ మీదే ఉంది. వేళ్ళ మధ్య ఆ తుక్కులోంచే గిల్లిన చిన్న దూదిపింజ. కాసేపటికి ఎడమచేతి చూపుడువేలు పైకెత్తాడు. మర దగ్గరున్న జాన్‌బీ శబ్దాన్ని ఒక్క వీసం పెంచింది. వేలు ఇంకా పైకి లేచింది. ఆగింది. కొంచెం దిగింది. చటుక్కున పిడికిలి బిగిసింది.

గాజు వెనక తుక్కంతా ఒక్కసారి ఒళ్ళు విరుచుకుంది. పాలిస్టర్ నూలు వడగళ్ళలా టపటపా కిందికి రాలింది. పత్తి మాత్రం మెల్లగా, తెల్లగా పైకి లేచి, గది కప్పు కింద మబ్బులా నిలిచింది.

జాన్‌బీ శబ్దం ఆపాక అందరూ తొడుగులు తీశారు.

అప్పుడు జాన్‌బీ చెప్పింది. "సరైన స్వరం తగిలితే ఆవిరి తాగిన పత్తిపోగు మెలిక విప్పుకుంటుంది, పాలిస్టర్ విప్పుకోదు. అంతే కిటుకు. ఐతే ప్రతి బస్తాకీ ఆ స్వరం వేరే. ఎన్ని ఉతుకులు తిన్నదో, ఏ ఎండలో ఆరిందో దాన్నిబట్టి మారిపోతుంది. నా యంత్రాలు ఆ స్వరం కనిపెట్టేలోపు పత్తి మాడిపోయేది. మా నాన్న అలా కాదు. విల్లుతో దూదేకిన మనిషి. ఇళ్ళ ముందు పాత పరుపులు విప్పి, గడ్డకట్టిన దూది ఏకి, మళ్ళీ కొత్త పరుపు కుట్టి ఇచ్చేవాడు. విడిపోయే ముందు పత్తి ఒక పలుకు పలుకుతుందంటాడు. అది ఆయనకు వినపడుతుంది."

ఉదయభాస్కర్ నేరుగా వెళ్ళి కాశింవలికి రెండు చేతులెత్తి నమస్కరించాడు. మిగిలిన పదిమందీ అదే చేశారు. ఏ వీధిలో దూదేకినా గుమ్మం బయటే కూర్చున్న మనిషి ఆయన.

"ఈ విద్య మీకెవరు నేర్పారండీ?" అని అడిగింది నీరజాక్షి.

"సంగడిగుంటేనమ్మా. పుట్టిందీ పెరిగిందీ అంతా గుంటూరే," అన్నాడు కాశింవలి చిరునవ్వుతో.

ఊరే గురువన్న చమత్కారమనుకుని అందరూ నవ్వారు. జాన్‌బీ కూడా నవ్వింది.

మధ్యాహ్నానికల్లా ఉదయభాస్కర్ మాట ఇచ్చేశాడు. నలభై ఊళ్ళలో నలభై గదులు. "ఇకమీదట మేము చొక్కాలు అమ్మం మేడం, అద్దెకిస్తాం. పాతబడితే తెచ్చుకుంటాం. గురువారం మా ప్రణాళిక మీ ముందు పెడతాం. మీరు ఊ అంటే శుక్రవారం సంతకాలు."

పన్నెండేళ్ళుగా ఎదురుచూసిన మాట అది. జాన్‌బీ ఇంటికి నడిచి వెళ్ళలేదు, గాల్లో తేలుతూ వెళ్ళింది.

పొద్దు గూకుతోంది. తల్లి మహబూబ్‌బీ వాకిట్లో పీట వేసుకుని దోసకాయలు తరుగుతోంది. కాశింవలి వసారాలో గోడ గడియారానికి ఎదురుగా కూర్చున్నాడు. పక్క వీధి మసీదులో ఆజాన్ మొదలైంది. జాన్‌బీ చీర కొంగు తలమీదికి లాక్కుంది. ఆజాన్ పూర్తయింది. తండ్రి కూర్చున్నచోటనే ఉన్నాడు. ఆయన చూపు గడియారం ముల్లు మీద ఉంది. మరో ఐదు నిమిషాలకు, ముల్లు ఆయన అనుకున్న చోటికి వచ్చాక, లేచి కాళ్ళు కడుక్కోవడానికి పోయాడు.

ఆజాన్ మొదటి పలుకుకే లేచే మనిషి ఆయన. చేతిలో అన్నం ముద్ద ఉన్నా కింద పెట్టి లేచేవాడు.

"నాన్నా!" అని పిలిచింది జాన్‌బీ. ఆయన వీపు తిరిగి ఉంది. "నాన్నా!" అని గట్టిగా అరిచింది. పక్కింటివాళ్ళు తొంగిచూశారు. ఆయన చెంబుతో నీళ్ళు ముంచుకుంటూనే ఉన్నాడు.

తల్లి కత్తిపీట పక్కకు జరిపింది. "నాకు తెలుసే అమ్మాయ్. ఆర్నెల్లైంది. నీకు చెప్తే గది మూసేస్తావని నా చేత ఒట్టేయించుకున్నాడు. మన పెదాలు చూసి మాట్లాడతన్నాడు, అంతే."

"ఆరు నెలలా? నాకెందుకు తెలీలేదమ్మా?"

"నువ్వు ఇంట్లో ఉండేదెంతసేపు? ఆ గది కాడేమో అందరూ సైగలే గదా."

మర్నాడు క్లాసును మధ్యాహ్నానికి మార్చి, తండ్రిని చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. డాక్టరు గీసిన గీత కాగితం మీద కొండ అంచు నుంచి లోయలోకి దూకినట్టుంది. "ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవిలో కాస్త మిగిలుంది. మిషన్ పెడితే దగ్గరి మాటలు కొన్ని అందుతాయి. పోయింది మాత్రం తిరిగి రాదు," అందామె.

జాన్‌బీకి ఎక్కడ తప్పు జరిగిందో అక్కడికక్కడే అర్థమైంది. గది బయట గాలిలో శబ్దం ఎంతుందో ఆమె రోజూ కొలిచేది. ఎప్పుడూ హద్దు దాటలేదు. కానీ ఆయన చెవి గాలిలో లేదు, ఇనుముకు ఆని ఉంది. గాలి మోయని దెబ్బను గోడ మోసింది, ఎముకకు అందించింది. తొడుగు పెట్టుకుంటే పలుకు వినపడదని ఆయనంటే, సరేనన్నది తనే.

ఆటోలో కూర్చున్నాక తండ్రి వైపు తిరిగి, ఆయనకు కనపడేలా ఒక్కో మాటా విడమరిచి అంది: "గది ఆపేస్తున్నా."

కాశింవలి ముఖం కందగడ్డయింది. "ఆపుతావా? ఎవురి కోసం? నా కోసమా? నేనడిగానా? దూది దుమ్ము తిని రొమ్ము పాడైనప్పుడు నన్నెవురూ అడగలా. ఇప్పుడు చెవి పోతే పోయింది. నా బిడ్డ కట్టిన గదిలో పోయింది. నిన్న పదకొండు మంది దండం పెట్టారు నాకు, చూశావా? నాకది చాలు."

ఆమె ఏం చెప్పినా ఆయన చూసేవాడు కాదు, ముఖం రోడ్డు వైపు తిప్పేసుకున్నాడు.

మంగళ, బుధవారాలు మరకు మరమ్మతుందని చెప్పి గదికి తాళం వేసింది. పాఠాలు మాత్రం ఆపలేదు. తిరిగొచ్చిన సరుకును ఎవరు ఏరాలి, గుండీ ఎక్కడ కుడితే విప్పడం తేలిక, వాడినవాడు చొక్కా తిరిగి ఇవ్వాలంటే అతనికి కలిగే లాభమేమిటి, ఇలా అన్నీ చెబుతూనే ఉంది. నీరజాక్షి ఒకసారి, "ఒంట్లో బాగాలేదా మేడం?" అని అడిగింది కూడా.

గురువారం ఉదయభాస్కర్ బృందం గోడకు పెద్ద కాగితం అతికించింది. నిజానికి అంత చక్కటి ప్రణాళిక ఆ మిల్లులో అంతకుముందు ఎవరూ గీయలేదు. ఆసుపత్రి నర్సు వేసుకున్న చొక్కా అరవై ఉతుకుల తర్వాత వెనక్కి వస్తుంది. గదిలో పత్తి, పాలిస్టర్ వేరవుతాయి. ఆ పత్తే మళ్ళీ నూలు, ఆ నూలే మళ్ళీ చొక్కా. వలయంలో ఎక్కడా చెత్తకుప్ప లేదు. గది బొమ్మ పక్కన చిన్న గడి ఉంది. అందులో "వినేవారు: నలభై మంది" అని రాసి ఉంది.

జాన్‌బీ లేచి, సంచిలోంచి డాక్టరు ఇచ్చిన కాగితం తీసి ఆ గడి మీద అతికించింది.

"ఇది మా నాన్న చెవి," అంది. జరిగిందంతా దాచకుండా చెప్పింది.

వెనక వరుసలోంచి ఒక హోటళ్ళ కంపెనీ ఆయన మెల్లగా అన్నాడు: "బాధాకరమే. కానీ దారి లేకపోలేదు కదా. ఒక మనిషిని ఏడాది మాత్రమే పెడదాం. వినికిడి తగ్గేలోపు మార్చేద్దాం. పరిహారం ముందే ఒప్పందంలో..."

"మీ చొక్కా అరవై ఉతుకుల తర్వాత తిరిగొస్తుంది సార్," అంది జాన్‌బీ. ఆమె గొంతు పెరగలేదు. "గుండీ తిరిగొస్తుంది. దారం తిరిగొస్తుంది. నాలుగు రోజులుగా మీకు నేర్పింది అదే, ఏదీ వాడి పారేయొద్దని. మనుషుల్ని పారేసే గడి ఒకటి మిగిలిపోతే, నేను మీకేమీ నేర్పనట్టే. ఈ గది ఇవాళ్టితో మూత."

ఉదయభాస్కర్ లేచి నిలబడ్డాడు. "మేడం, మీరు మూస్తున్నది మీ జీవితాన్ని. తెలుసా మీకు?"

"తెలుసు సార్."

ఆ మాట ఇంకా పూర్తికాలేదు, తలుపు దభాలున తెరుచుకుంది. కాశింవలి. వెనకే ఆయాసపడుతూ మహబూబ్‌బీ. గది ఇవాళే పూర్తిగా మూస్తున్నానన్న సంగతి కూతురు పొద్దున తల్లితో చెప్పింది. తల్లి ఒట్టు నిలుపుకోవడంలో ఎంత గట్టిదో, కూతురి రహస్యం దాచడంలో అంత వట్టిది.

"మూసేస్తన్నావంట! నీకు నా చెవి కావాలా, పని కావాలా?" అని గర్జించాడు కాశింవలి, అంతమంది ఉన్నారని కూడా చూడకుండా. "నాకు వినపడక ఆర్నెల్లైంది గదా? ఈ ఆర్నెల్లలో నీ గది ఒక్క రోజన్నా తప్పిందా? ఒక్క బస్తా అన్నా మాడిందా? చెప్పు!"

జాన్‌బీ ఆ ఆర్నెల్ల లెక్కంతా మనసులో తిరగేసింది.

తప్పలేదు. ఒక్క బస్తా కూడా మాడలేదు. వినపడని మనిషి సోమవారం అంత కచ్చితంగా పిడికిలి ఎలా బిగించాడు?

ఆమె బోర్డు దగ్గరికి వెళ్ళి పెద్ద అక్షరాలతో రాసింది: "ఎట్టా నడిపావు నాన్నా?"

కాశింవలి ఐదో తరగతి చదువుతో ఆ అక్షరాలను కూడబలుక్కున్నాడు. కోపమంతా దిగిపోయింది. దొంగతనం బయటపడ్డవాడిలా తల వంచుకున్నాడు.

"చెవితో కాదమ్మా," అన్నాడు చివరికి. "వినపడటం మానేశాక ఏం చెయ్యాలో తోచలా. అప్పుడు పింజ పట్టుకున్నా. ఆ బస్తాలోదే, కాస్త గిల్లి, గోడకేసి వేలితో నొక్కిపెట్టా. లోపల పత్తి విడిపోయేముందు ఈ పింజ కూడా వేలి కింద లేచి నిలబడద్ది, పిల్లి ఒంటిమీద వెంట్రుక లేచినట్టు. విల్లు కొట్టేటప్పుడు ఎన్నిసార్లు చూశానో అది. నువ్వేమో అందరికీ మా నాన్న చెవి, మా నాన్న చెవి అని గొప్పగా చెప్పుకుంటన్నావు. అది పోయిందని ఎట్టా చెప్పను? అందుకని చెవి కూడా ఆనించి నిలబడ్డా."

జాన్‌బీకి ఏడుపు, నవ్వు ఒక్కసారే వచ్చాయి. ఏదీ పూర్తిగా రాలేదు. ఎందుకంటే అప్పటికే ఆమె బుర్ర పరుగు మొదలుపెట్టింది. చెవి అక్కర్లేదు. అంటే తొడుగులు పెట్టుకోవచ్చు. ఐతే గోడ మీద వేలు?

నీరజాక్షి అదే అడిగింది. "ఇవాళ చెవి, రేపు వేళ్ళు పోతాయేమో మేడం? ఎప్పుడూ అదిరే గోడ కదా?"

"పోతాయి. గోడను ముట్టుకోకూడదు." జాన్‌బీ అప్పటికే సుద్దముక్కతో బోర్డు మీద గది గీస్తోంది. "గోడకు సన్నటి బెజ్జం. అందులోంచి ఒక్క పోగు బయటికి లాగుతాం. మనిషి దూరంగా కూర్చుని ఆ పోగు కొస పట్టుకుంటాడు. గోడ అదురు పోగుదాకా రాదు, పత్తి కదలిక మాత్రమే వస్తుంది. వస్తే!"

ఆ మధ్యాహ్నం ఎవరూ బసకు వెళ్ళలేదు. హోటళ్ళ కంపెనీ ఆయన సూటు విప్పి నిచ్చెన పట్టుకున్నాడు. ఉదయభాస్కర్ బెజ్జానికి రబ్బరు కుదురు కోశాడు, తొందరలో వేలు కూడా కోసుకున్నాడు. మొదట కొత్త నూలు కట్టారు. పలకలేదు. నైలాను కట్టారు. అది గోడ అదురునంతా మోసుకొచ్చింది. పొద్దు వాలేసరికి జాన్‌బీ నీరసంగా కూలబడింది. కాశింవలి ఆమె భుజం తట్టి, బస్తాలో చేయి పెట్టి, ఆ పాత తుక్కులోంచే పింజ గిల్లి, తొడ మీద రెండుసార్లు దొర్లించి పోగు వడికాడు. "దాని పలుకు దానికే తెలుసుద్దే," అన్నాడు.

శుక్రవారం పొద్దున ఆ పోగే కట్టారు. గోడకు నాలుగు బారల దూరంలో స్టూలు వేశారు. జాన్‌బీ తండ్రి వేళ్ళకు అదురు కొలిచే పరికరం తొడిగింది, కుడి చెవికి తొడుగు తానే సర్దింది. పోయిన ఎడమ చెవికి కూడా పెట్టింది. శబ్దం మొదలైంది. పరికరంలో ముల్లు పడుకునే ఉంది. కాశింవలి రెండు వేళ్ళ మధ్య పోగు పట్టుకుని, కళ్ళు మూసుకుని, ఈసారి ఎవరికోసమూ నటించకుండా కూర్చున్నాడు.

పిడికిలి బిగిసింది. పత్తి మబ్బు లేచింది.

"నేను పట్టుకోవచ్చా?" అని సైగ చేశాడు ఉదయభాస్కర్. మొదటి బస్తా మాడిపోయింది. రెండోది సగం విడిపోయి ఉండగట్టుకుంది. కాశింవలి ఆయన వేళ్ళను తన చేతిలోకి తీసుకుని, బిగువు సడలించి, మళ్ళీ పోగు మీద ఉంచాడు. మూడోసారి ఉదయభాస్కర్ కళ్ళు పెద్దవయ్యాయి. పిడికిలి బిగించాడు. గాజు వెనక తెల్లటి మబ్బు పైకి లేచి నిలిచింది. కంపెనీ అధినేత స్టూలు మీద చిన్నపిల్లాడిలా ఎగిరాడు.

"పరవాలేదు సార్," అన్నాడు కాశింవలి తొడుగులు తీసి. "మీకు పనొచ్చిద్ది."

ఒప్పందం మొదటి వాక్యం జాన్‌బీ రాసింది: గది దగ్గర పనిచేసే ఎవరి వినికిడి అయినా, వేలి స్పర్శ అయినా ఇసుమంత తగ్గినట్టు తేలితే, అన్ని గదులూ ఆగిపోవాలి. ఉదయభాస్కర్ దాన్ని రెండుసార్లు చదివి, ఒక్క అక్షరం మార్చకుండా సంతకం పెట్టాడు. గోడ మీది తమ కాగితంలో "వినేవారు" అన్న మాట కొట్టేసి, ఏం రాయాలో తోచక, "కాశింవలి గారి శిష్యులు" అని రాశాడు. ఆ కాగితం నలభై ఊళ్ళకూ అలాగే వెళ్ళింది.

కాశింవలికి ఎడమ చెవి తిరిగి రాలేదు. కుడి చెవికి పెట్టిన మిషన్‌లో ఇంట్లోవాళ్ళ గొంతులు రేకుడబ్బాలో రాళ్ళలా ఉన్నాయని విసుక్కునేవాడు. జాన్‌బీ రోజూ సాయంత్రం ఆజాన్ వేళకు ఇంటికి వచ్చి, ఆయన భుజం మీద చేయి వేసేది. ఆయన గడియారం చూడటం మానేశాడు.

మూడు నెలలకు మిల్లులో మొదటి శిష్యబృందం చేరింది. పంతొమ్మిది మంది. పరుపులు కుట్టే ఆడవాళ్ళు కొందరు, మిల్లు మూతపడి ఖాళీగా ఉన్న స్పిన్నింగు పనివాళ్ళు కొందరు. కాశింవలి ఇస్త్రీ చొక్కా వేసుకుని వరుసల మధ్య తిరుగుతూ ఒక్కొక్కరి వేళ్ళు సరిచేస్తున్నాడు. పక్కనే మహబూబ్‌బీ, ఎవరైనా ఏమైనా అడిగితే ఆయనకు ఎదురుగా నిలబడి పెదాలతో తిరిగి చెప్పడానికి. కంపెనీలవాళ్ళ కొత్త బృందం కూడా ఆ రోజు చూడటానికి వచ్చింది. జాన్‌బీ వాళ్ళను వెంటబెట్టుకుని తలుపు దగ్గర ఆగింది.

మూడు బస్తాలు మాడగొట్టి కళ్ళనీళ్ళ పర్యంతమైన రమీజా అనే అమ్మాయి అడుగుతోంది: "బాబాయ్, ఈ పని రావడానికి ఎన్నాళ్ళు పట్టుద్ది?"

మహబూబ్‌బీ ఆ మాట తిరిగి చెప్పేలోపే, రమీజా పెదాలు చూసి కాశింవలి అందుకున్నాడు.

"నా కూతురికి పన్నెండేళ్ళు పట్టిందమ్మా, ఇది కనిపెట్టడానికి," అన్నాడు, తలుపు వైపు చూపుడువేలు చాచి, అందరూ వినేంత గట్టిగా. "అందుకే నీకు పది రోజులు చాలు."